చేతుల మీద నీళ్ళు

అతిథి దేవుడితో సమానమని ఈ దేశంలో అనని నోరు లేదు. ఆ వచ్చినవాడు ఏ వాడ నుంచి వచ్చాడో అడక్కుండా చెంబు చేతికందించిన ఇల్లు మాత్రం మా ఊళ్ళో నేనెరగను. మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. మా అవ్వ ఊళ్ళోకి కూలికి పొయ్యి దప్పికైతే దోసిలి పట్టుకుని నిలబడేది. ఆసామి ఇంటామె అరుగు మీద నుంచి చెంబెత్తి పోసేది. చెంబుకీ దోసిలికీ నడుమ మూరెడు ఖాళీ. చుక్క ఎగిరి ఆమె కోక మీద పడకూడదు. మోచేతుల వెంట కారిపొయ్యేవి పోగా గొంతులోకి దిగినన్నే తాగాలి. అయినా అవ్వ ఆమెను పుణ్యాత్మురాలనేది. నీళ్ళయితే పోసింది గదా మరి!

పోసిందాన్ని మర్యాద అనొచ్చా? ఈ ప్రశ్న నాకు మా పల్లెలో పుట్టలేదు. కెన్యాలో పుట్టింది.

2014లో మా సంఘం నుంచి ఆరుగురం సువార్త పని మీద పశ్చిమ కెన్యా పొయ్యాం. కాకమెగా చుట్టుపక్కల పల్లెలు. లుహ్యా జనం. రెండు వారాలు ఉన్నాం. బోధించాల్సిన వాక్యాలన్నీ రాసుకుని పొయ్యామా, తీరా చూస్తే అక్కడ మేం తిరిగిన ప్రతి పల్లెలోనూ గుడి ఉంది. అమెరికా క్వేకర్ మిషనరీలు 1902లోనే కైమోసిలో దిగారు. ఇవ్వాళ ప్రపంచంలో క్వేకర్లు ఎక్కువమంది ఉన్న దేశం కెన్యానే. ఒంగోలుకు క్లౌ దొర వచ్చింది 1866లో. వాళ్ళకీ మాకూ దేవుణ్ణి తెచ్చినవాళ్ళు ఒకే దేశంవాళ్ళు. ఇక మేం కొత్తగా చెప్పేదేముంది? పాటలు పాడాం, ప్రార్థన చేశాం, వాళ్ళు పెడితే తిన్నాం. ఎక్కువగా తిన్నాం.

మేం దిగిన ఇంటి పెద్ద ఒక ముసలామె. అక్కడ పెద్ద ఆడవాళ్ళను గౌరవంగా ‘మామా’ అంటారు. మన చెవికి నవ్వొస్తుందిగానీ రెండ్రోజుల్లో అలవాటైంది. తిండికి ముందు ఆమె ఒక చేత్తో గోరువెచ్చటి నీళ్ళ కూజా, ఇంకో చేత్తో బేసిను పట్టుకుని ఒక్కొక్కరి ముందూ వంగి చేతుల మీద నీళ్ళు పోసింది. నా వంతు వచ్చేసరికి చేతులు వాటంతటవే దోసిలి పట్టాయి. ఆమె నవ్వి, నా మణికట్టు పట్టుకుని చేతులు విడదీసి కడిగింది. ఆ నవ్వుకీ నా చేతికీ నడుమ ఖాళీ లేదు.

తర్వాత మొక్కజొన్న పిండితో కెలికిన ఉగాలి వచ్చింది. మన సంకటే, రంగు తెలుపు. అందరికీ కలిపి ఒకే పెద్ద పళ్ళెం. చేత్తో తుంచుకుని, ముద్ద చేసి, సుకుమా వికీ అనే ఆకుకూరతో అద్దుకుని తినాలి. ఆ పేరుకు ‘వారం నెట్టుకురా’ అని అర్థమట. పేదవాడి కూరకు అంతకంటే నిజమైన పేరు నేను వినలేదు. ఇంట్లో ఉన్న రెండు కోళ్ళలో ఒకటి మా కోసం కోశారు. పెద్దమనిషికి పెట్టే కందనకాయ నాకు పెట్టారు. మామా మా పళ్ళెంలోనే తింది. కోడళ్ళు మాత్రం వంటింట్లో తిన్నారు. అది నాకు నచ్చలేదు.

పిల్లకాయలు మా వెంటబడి ‘ముహిందీ, ముహిందీ’ అని కేకలేసేవాళ్ళు. స్వాహిలిలో ఆ మాటకి భారతదేశపు మనిషి అని అర్థం. నా చెవిలో మాత్రం ‘హిందూ’ అనే పడింది. ఎందుకు పడదు? హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడని 1950 రాష్ట్రపతి ఉత్తర్వు చెప్పింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవుడైన మాదిగకు ఇప్పటికీ తెరవలేదు. బి.సి. ‘సి’లోకి తోశారు. బాప్తిస్మం తీసుకుంటే కులం పోతుందని ప్రభుత్వం నమ్మింది. ఆసామి నమ్మలేదు.

‘ముహిందీ మా ఇంట్లో అన్నం తినడం ఇదే మొదలు’ అంది మామా. వయసులో ఉన్నప్పుడు నైరోబీలో ఒక భారతీయ కుటుంబంలో పనిచేసిందట. ఆమె కప్పు వేరుగా, గుమ్మం బయట ఉండేదట. ఆ మాట వినగానే నా గొంతులో ముద్ద దిగలేదు. ఆమె కళ్ళకు నేను ఆ కప్పు వేరు పెట్టిన ఇంటి మనిషిని. మా అవ్వ తరమంతా అరుగు కింద నిలబడితే, నా పాస్‌పోర్టు నన్ను తీసుకెళ్ళి అరుగు మీద నిలబెట్టింది. అలాంటివాడి చేతుల మీద ఆమె వంగి నీళ్ళు పోసింది. దీన్ని విశ్వాసం అంటారో ఇంకేమంటారో పండితులు తేల్చుకోవాలి.

లూకా సువార్త పదో అధ్యాయంలో యేసు శిష్యులను సంచీ లేకుండా, జోలె లేకుండా పంపుతాడు. ఏ ఇంట్లో ఏది పెడితే అది తినమంటాడు. అంటే పెట్టేవాళ్ళుగా కాదు, ఆకలితో పొమ్మన్నాడు. మా దగ్గరికొచ్చిన దొరలు సంచీతోనే వచ్చారు. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని మావాళ్ళకు పని చూపాడు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మాదిగలను ఆపితే మేమొస్తామని పైకులాలు బేరం పెట్టినా ఆయన మమ్మల్ని వదల్లేదు. ఆ రుణం నేను కాదనను. కానీ ఇచ్చే చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది. ఆయనకంటే ముందే నమ్మిన యర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారి, మాదిగ. ఆయన పల్లె పల్లె తిరిగి మా కూడే తిన్నాడు. మా పల్లెలు దేవుణ్ణి నమ్మింది సగం ఆ కూటి దగ్గరేనని నా నమ్మకం.

ఒక కామ్రేడు అంటాడు, ఇద్దరు పేదోళ్ళు ఒకర్నొకరు ప్రార్థనతో జోకొట్టుకున్నారని. 1985 జులైలో కారంచేడు మంచినీళ్ళ చెరువు దగ్గర బిందె ఎత్తిన మా ఆడపడుచు పేరు సువార్త. ఆ మర్నాడు, 17న, మావాళ్ళను ఆరుగురిని చంపారు. నిద్రపొయ్యేవాళ్ళు బిందెలెత్తుతారా?

కెన్యా స్వర్గమనీ అనను. 2007 ఎన్నికల తర్వాత అక్కడ తెగల పేరుతో వెయ్యిమందికి పైగా చచ్చారు. మా దగ్గర మాత్రం? మాల గుడి, మాదిగ గుడి అంటూ ప్రభువు బల్లను రెండు చేసుకున్నాం.

వచ్చేసే రోజు మామా అడిగింది, ‘నేను మీ ఊరొస్తే?’ అని. మా పల్లెలో నీ చేతుల మీద మా ఆవిడ నీళ్ళు పోస్తుంది, ఊళ్ళో సంగతికి నేను మాటివ్వలేను అన్నాను. ఎందుకని అడిగింది. కులం అనే మాటను స్వాహిలిలో ఏమనాలో మాకు మాటలు తిప్పిచెప్పే కుర్రాడికి తెలియలేదు. ‘కబీలా’ అన్నాడు, తెగ అని. ‘తెగలు నాకు తెలుసు. ఇతను చెప్పేది అది కాదు’ అంది మామా. మళ్ళీ మొదట్నుంచి చెప్పాను, అవ్వనీ దోసిలినీ చెంబునీ. అరగంట పట్టింది. మా ముందు పెట్టిన పాల టీ చల్లారిపోయింది. ఆమె లేచి మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.