మిస్సమ్మ ఆడిన అబద్ధం

1955లో వచ్చిన ‘మిస్సమ్మ’ మీలో చాలామంది చూసే ఉంటారు. దంపతులకే ఉపాధ్యాయ ఉద్యోగాలిస్తానన్నాడు జమీందారు. అప్పు తీర్చవలసిన మేరీ, పనిలేని రావు భార్యాభర్తలమని చెప్పి చేరారు.

“పొట్టకూటికే కదా, తప్పేముంది?” అంటారు కొందరు. “వివాహం నాటకమా?” అంటారు మరికొందరు.

అబద్ధం తప్పే. అయితే పాఠం చెప్పడానికి పెళ్లెందుకని జమీందారును ఎవరూ అడగరు. అమీర్‌పేటకు కోచింగ్ కోసం, పంజాగుట్టకు ఉద్యోగం కోసం వచ్చిన పిల్లలను “పెళ్లయిందా?” అని అడిగి, గది లేదనే ఇంటివారు మనలోనూ ఉన్నారు.

నిజం చెప్పినవానికి తలుపు మూస్తే, రేపు వాడు ఆడే అబద్ధంలో మనకూ వాటా ఉండదా? ఆలోచించండి.