బడి నెన్నుకొనుటలోని ధర్మసూక్ష్మము

బిడ్డను ఏ బడిలో చేర్పింపవలెనన్న ప్రశ్న పైకి కేవలము లౌకికముగ కనబడును. ఫీజు ఎంత, ఇంటికి దూరమెంత, బస్సు వచ్చునా రాదా, పోయిన సంవత్సరపు ఫలితము లెట్లున్నవి అని నాలుగు విషయములు విచారించి, తెలిసినవారి నిద్దఱిని అడిగి, కూడికలు తీసివేతలు చేసి తేల్చుకొనదగిన గృహకృత్యముగనే అందఱును దానిని తలంతురు. కాని పదిమంది కోరుకొను స్థానము ఒక్కటియే అయినప్పుడు, ఆ స్థానము నా బిడ్డకు దక్కవలెనని కోరుట యనగా, అది తక్కిన తొమ్మిదిమందికి దక్కకుండుటను గూడ, తెలిసియో తెలియకయో, కోరుటయే యగును. ఇట్టి కోరిక ధర్మసమ్మతమగునా, అగునేని ఎంతవఱకు, అను విచారము ప్రతి తల్లికిని తండ్రికిని ఏదో యొక వేసవిలో ఎదురుపడక మానదు.

సూరత్తు నగరమునకు నైరృతి దిక్కున, భటార్, వేసూ, పాండేసరాల నడుమ నున్న ఆల్థాన్ ఒకప్పుడు ఊరు. అచ్చటి మెట్రో మార్గములో ఒక స్టేషనుకు ‘ఆల్థాన్ గామ్’ అని పేరు పెట్టుట ఆ గ్రామత్వమునకు మిగిలిన గుర్తు. ఒక ప్రక్కన పాండేసరా అద్దకపు మిల్లుల పొగగొట్టములును, దక్షిణమున ఖజోద్‌లో 2023 డిసెంబరున ప్రారంభమైన వజ్రవ్యాపార మహాభవనమును ఉండగా, నడుమనున్న ఈ పేట అపార్ట్‌మెంటులతోను ప్రైవేటు పాఠశాలలతోను నిండిపోయినది. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల నుండి బ్రతుకుదెరువునకై వచ్చి, లింబాయత్, ఉధ్నాలలో కుదురుకొని, సాంచాల (మరమగ్గముల) యొద్ద పన్నెండేసి గంటల పాళ్ళు నిలుచుండి బిడ్డలను పెంచిన తెలుగు నేతగాండ్రకు, ఆల్థాన్ వంటి పేటలోని బడికి పిల్లవానిని పంపుట యనగా ఒక తరమంతయు పడిన శ్రమకు ఫలమును కంట జూచుకొనుటయే. సూరత్తు నగరపాలకసంస్థ ప్రాథమిక పాఠశాలలను గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులలోనే గాక తెలుగున గూడ నడుపుచుండుట మన భాష కచ్చట లభించిన గౌరవము. అయితే గుజరాతున ప్రాథమికవిద్య యెనిమిదవ తరగతితో ముగియును. తొమ్మిదవ తరగతి గడపయొద్దనే పోటీ మొదలగును.

అట్టి యొక ఇంట, రాత్రి భోజనములైన పిదప, రెండు బడుల కరపత్రములు చాపమీద పఱచియుండును. నున్నని కాగితముపై పాస్‌పోర్టు ఫోటోలు వరుసలు వరుసలుగ నుండును. ఒక్కొక్క ముఖము క్రింద 99.99 పి.ఆర్., 99.97 పి.ఆర్. అని ఎఱ్ఱని అంకెలు. తల్లి ఆ వరుసలపై వ్రేలు జరుపుచు, “అండ్ల మనోళ్ల పిల్లలెవరన్న ఉన్నరా?” అని అడుగును. “లేకుంటె ఏంది, ముందు ముందు మనోడుంటడు” అని తండ్రి బదులిచ్చును. ఆ మాటలో ఎంత ప్రేమ యున్నదో అంత ధర్మసంకటమును గలదు.

ఏలయన, ఆ ఎఱ్ఱని అంకె విద్యార్థికి ఏమి తెలియునో చెప్పునది గాదు. గుజరాతు మాధ్యమిక విద్యామండలి మార్కులతోపాటు ఇచ్చు ఆ పర్సంటైల్ ర్యాంకు, పరీక్ష వ్రాసినవారిలో ఇతనికంటె వెనుక నెందఱు నిలిచిరో మాత్రమే తెలుపును. రాష్ట్రమునందలి పిల్లలందఱి జ్ఞానమును ఒక్క రాత్రిలో రెట్టింపైనను ఆ అంకెలు మాఱవు. అందఱి జ్ఞానమును సగమునకు పడిపోయినను మాఱవు. బడి తన గోడపై వ్రాసికొను ఘనత, తాను నేర్పిన విద్యయొక్క కొలత గాక, ఇతరులు వెనుకబడిన దూరముయొక్క కొలత యగుట ఎంత విచిత్రము! తండ్రి ఆ అంకెను తన కుమారునికి కోరినప్పుడు ఎవ్వరికిని కీడు తలపెట్టలేదు. కాని ఇతరులు వెనుకబడుటవలననే సిద్ధించు వస్తువును కోరినాడు.

చట్టము ఈ విషయమున కొంత దూరము నడచి ఆగినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆఱు మొదలు పదునాలుగేండ్లవఱకు గల పిల్లల ప్రవేశమునకు పరీక్షలు పెట్టుటను, తల్లిదండ్రులను ప్రశ్నించి వడగట్టుటను, డొనేషను పుచ్చుకొనుటను నిషేధించి, ప్రైవేటు బడులలో నాలుగవ వంతు స్థానములను పేదబిడ్డలకు కేటాయించినది. గుజరాతు ప్రభుత్వము 2017లో చేసిన ఫీజుల చట్టము ప్రాథమికమునకు ఏడాదికి 15,000, మాధ్యమికమునకు 25,000, ఉన్నత మాధ్యమికమునకు 27,000 రూపాయలు హద్దుగ నిర్ణయించి, అంతకు మించి తీసికొనదలచిన బడి తన ఖర్చులను ఫీజుల నియంత్రణ సంఘమునెదుట చూపవలెనని విధించినది. ఇవి మేలైన కట్టుబాట్లే. కాని మొదటిది ఎనిమిదవ తరగతితో సెలవు పుచ్చుకొనును. రెండవది రూపాయలను లెక్కించునే కాని ఆశలను లెక్కింపజాలదు. తక్కిన విచారము గృహస్థునిదే.

నేతపని కులవృత్తిగా గల పద్మశాలీలు మార్కండేయ మహర్షిని తమ కులమునకు మూలపురుషునిగ కొలుతురు. అతని కుమారుడైన భావనారుషి తామరనారతో దేవతలకు వస్త్రములు నేసెనని వారి సంప్రదాయకథ. ఆ మార్కండేయుని జన్మకథయే తల్లిదండ్రుల యెంపికతో ఆరంభమగుట మన కిచ్చట ప్రకృతము. సంతానమునకై తపించిన మృకండునియెదుట పరమశివుడు రెండు వరము లుంచెను: గుణహీనుడై చిరకాలము జీవించు కుమారుడొకడు, సకలసద్గుణములును విద్యలును గలిగియు పదునాఱేండ్లే బ్రతుకువాడొకడు. మృకండు మరుద్వతులు రెండవవానినే వరించిరి. పదునాఱేం డ్లనగా నేడు పదవ తరగతి దాటి సైన్సులో చేరు ఈడు.

ఈ కథను ఆ దంపతుల వివేకమునకు ప్రశంసగ మనము వినుచుందుము. నిదానించి చూచినచో అందు రెండు విషయములు తెలియును. తమ కుమారుడు గుణవంతుడు కావలెనని వారు కోరిరే కాని, పొరుగు ఆశ్రమముల కుమారులకంటె నొక మెట్టు పైనుండవలెనని కోరలేదు. కావున వారి కోరిక యెవ్వరి పాలును తఱుగజేయలేదు, అది నిర్దుష్టము. కాని ఆ గుణమునకు ఆయువును వెలగా నొప్పుకొనుట మాత్రము నిర్దుష్టము కాదేమో. పదునాఱవ యేడు సమీపించినకొలది తండ్రి గుండె చెఱువగుటయు, బాలుడు లింగమును కౌగిలించుకొనగా శివుడు వెలువడి యముని వారించి, తాను పెట్టిన షరతును తానే త్రోసిపుచ్చుటయు చూడగా, గుణమును ప్రాణమును ఎదురెదుర నుంచి ఒకటి యేఱుకొమ్మనుట అసలు సరియైన ప్రశ్నయే కాదని ఆ కథ తుదకు తీర్పు చెప్పినట్లు నాకు తోచును.

ఆ తీర్పును మఱచినందుకు మనము చెల్లించిన మూల్యము తక్కువది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున కార్పొరేటు కళాశాలల విద్యార్థులు ప్రాణములు తీసికొనుచుండగా, కారణముల నరయుటకు 2001లో నీరదారెడ్డి సంఘమును నియమింపవలసివచ్చెను. సూరత్తుననే, సర్థానాలోని తక్షశిల ఆర్కేడ్ అను భవనమున, 2019 మే 24న, పై అంతస్తులో నడచుచున్న కోచింగ్ తరగతి అగ్నికి చిక్కి, దిగుటకు దారి లేక, ఇరువదియిద్దఱు అసువులు బాసిరి. ప్రాచీన విద్యాపీఠముయొక్క పేరు గోడపై నున్నది. ప్రాణములతో బయటపడు మార్గము లేకపోయినది. ర్యాంకుల పట్టిక చదువుటకు ముందు మెట్లదారులెన్ని యున్నవో చూచుట తండ్రికి ప్రథమధర్మము.

ఇక ఆధిక్యమును కోరుట మాట. భారతమున ద్రోణుని పాఠశాల దీనికి తార్కాణము. సంస్కృత భారతపు ప్రచారపాఠమున ఒక చిన్న ముచ్చట గలదు: ద్రోణుడు శిష్యులకు నీరు తెచ్చుటకై ఇఱుకు మూతి కమండలువుల నిచ్చి, తన కొడుకు అశ్వత్థామకు మాత్రము వెడల్పు మూతి కుండ నిచ్చి, వాడు త్వరగ నింపుకొని వచ్చిన ఆ కొంచెపు వ్యవధిలో ఇతరులకు చెప్పని విద్యల నుపదేశించువాడట. అర్జునుడది కనిపెట్టి, వారుణాస్త్రముతో తన పాత్రను క్షణములో నింపుకొని, గురుపుత్రునితోపాటు వచ్చి నిలిచెను. ఇంతవఱకు జరిగినది సామాన్యమైన పోటీయే. అర్జునుడు రెండవవాని కుండను పగులగొట్టలేదు, తన పాత్రను వేగముగ నింపుకొనెను.

తరువాత జరిగినది వేఱు. ‘నిన్ను మించు విలుకాడు లోకమున ఉండడు’ అని గురువు మాట యిచ్చినాడు. ఆ మాటను నిలుపుకొనుటకు మార్గములు రెండు: అర్జునునికి ఇంకను నేర్పుట మొదటిది, ఏకలవ్యుని బొటనవ్రేలు తఱుగుట రెండవది. మొదటిది కష్టతరము, రెండవది సులభము. గురువు సులభమైనదానినే యెన్నుకొనెను. ఏకలవ్యుడు వ్రేలు కోల్పోయిన పిమ్మట అర్జునుని విలువిద్య వెండ్రుకవాసియైనను పెరుగలేదు, పెరిగినది అతని స్థానము మాత్రమే. ‘నీకు విద్య నేర్పెదను’ అని మాట యిచ్చు బడికిని, ‘నిన్ను అందఱికంటె ముందు నిలిపెదను’ అని మాట యిచ్చు బడికిని గల భేద మిదియే. రెండవ మాట యిచ్చినవానికి ఎవ్వని బొటనవ్రేలో ఒకనాడు అవసరము కాక తప్పదు. తొమ్మిదవ తరగతిలో మార్కులనుబట్టి పిల్లలను సెక్షనులుగ విభజించి మంచి ఉపాధ్యాయులను మొదటి సెక్షనుకే కేటాయించుట, పదవ తరగతి ఫలితము నూటికి నూఱు రావలెనని వెనుకబడినవాని తల్లిదండ్రులను పిలిచి టి.సి. తీసికొనిపొమ్మని మెల్లగ సూచించుట, ఇవన్నియు నేటి గురుదక్షిణలు.

దీనికి నేతగాని కుమారుడు బలమైన ప్రత్యుత్తర మీయగలడు. ‘అయ్యా, మా కులమును మా ఊరును అడుగని ద్వారము పరీక్ష యొక్కటియే, పోటీని నిందించు మీరు మమ్ము మరల సాంచాలయొద్దకే పంపెదరా?’ అని అతడడిగినచో త్రోసిపుచ్చుటకు వీలులేదు. ఛాందోగ్యమున సత్యకామ జాబాలుని గౌతముడు మొదట అడిగినది గోత్రమే. తన గోత్రమేదో తల్లియు నెఱుగదని ఆ బాలుడు ఉన్నదున్నట్లు చెప్పగా, ఆ సత్యమునే అర్హతగ గైకొని గురువు చేర్చుకొనెను. కాని అట్టి గురువు దొరకనివారి గతి యేమి? పరీక్ష గోత్రము నడుగదు, ఇది దాని మహత్త్వము. ఇంజనీరింగు స్థానములు, వైద్యవిద్యాస్థానములు పరిమితములుగ నున్నంతకాలము ఏదో యొక జల్లెడ ఉండక తప్పదు. దానిని న్యాయముగ పట్టుట రాజ్యధర్మము. అయితే జల్లించుట పరీక్ష పని, నేర్పుట బడి పని. పరీక్షయొద్ద ఒక్క పూట ఉండవలసిన జల్లెడను పదమూడేండ్ల బాలుని ప్రతి ఉదయమునందును ప్రతి సాయంత్రమునందును ప్రతిష్ఠించిన బడి తన ధర్మమును విడిచి పరధర్మమును పట్టినది. నేతగాని కుమారునకు పోటీలో నిలుచు శక్తి కావలెను. ఆ శక్తి నేర్చుటవలన వచ్చును గాని నిత్యము తూగబడుటవలన రాదు.

ఇట్లగుటచే రెండు బడులలో నొకదాని నెన్నుకొనవలసివచ్చినప్పుడు మొదటి వరుసవానిని గూర్చి గాక కడపటి వరుసవానిని గూర్చి అడుగవలెనని నా యభిప్రాయము. నేత తెలిసినవాడు బట్టను నడుమ చూడడు, అంచు పట్టి చూచును. నడిమి నేత ఎవ్వనికైనను కుదురును, పనితనము అంచున తెలియును. తొమ్మిదిలో చేరినవా రెందఱు, వారిలో పదవ తరగతి పరీక్షకు ఇచ్చటనుండియే కూర్చుండినవా రెందఱు? లెక్కలలో తప్పినవానికి మరల చెప్పునది ఎవరు, ఏ వేళ? సెక్షనులను దేనినిబట్టి విభజింతురు? తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన పిల్లకు గుజరాతీయో ఇంగ్లీషో పట్టుబడువఱకు తోడుండునది ఎవరు? ఈ ప్రశ్నలకు తడుముకొనక బదులు చెప్పు బడి మంచి బడి. తనకు అప్రియమైనది పరులకు చేయకుండుటయే ధర్మములన్నింటికిని ఆటపట్టని తిక్కన భారతమున తెలుగున స్థాపించిన నీతి ఇచ్చట కేవలము పరోపకారముకొఱకు గాదు. తన బిడ్డ ఆ వరుసలలో ఎచ్చట కూర్చుండునో చేర్పించునాటికి ఏ తండ్రికిని తెలియదు; కడపటివాని మేలు విచారించుట తన బిడ్డ మేలు విచారించుటయే కావచ్చును.

‘నీ ధర్మసందేహమునకు నా బిడ్డ భవిష్యత్తు మూల్యమా?’ అని తల్లి అడుగవచ్చును, అడుగదగినదే. కడపటివానిని వదలని బడిలో చదివినచో పి.ఆర్.లో నాలుగు దశాంశములు తగ్గవచ్చును, కోరిన కళాశాల తప్పిపోవచ్చును. ఆ నష్టము నిజమైనదే, లేదనుట అబద్ధము. దానికెదురుగ నిలుచునది ఒక్కటే: తోడివాని తప్పును తన లాభముగ లెక్కింప నేర్చుకొనక పెరుగుట. పదునాఱేండ్లకు ముందు పట్టుబడిన ఆ లెక్క తరువాత ఏ కళాశాలయందును మఱపునకు రాదు.

మన పెద్దలు బిడ్డను బాసరకు కొనిపోయి, జ్ఞానసరస్వతి సన్నిధిని అక్షరాభ్యాసము చేయించుదురు. ఆ దినమున వందలాది శిశువులు ఒక్కచోట పలకలపై దిద్దుదురు. ఒకనికి అక్షరము వచ్చుటవలన మఱియొకనికి రాకపోవుట లేదు, కావున ఆ తల్లుల ప్రార్థనలు ఒకదానితో నొకటి కలహింపవు. పదేండ్లు గడచిన పిదప అదే తల్లి హాల్ టికెట్టును దేవునియెదుట నుంచి, నా బిడ్డకు మొదటి ర్యాంకు రావలెనని మ్రొక్కును. అట్టి మ్రొక్కులు లక్ష వచ్చినచో దేవుడు ఒక్కదానినే తీర్పగలడు, తక్కిన తొంబదితొమ్మిదివేల తొమ్మిదివందల తొంబదితొమ్మిదింటిని కాదనవలెను. దేవునికి తీర్ప వీలైన కోరికలను కోరుట భక్తియొక్క మొదటి మర్యాద. ఆల్థానులో నైనను అమలాపురములో నైనను, ఏ బడియందు బిడ్డకు కోరిన మేలును ఆ బడిలోని బిడ్డలందఱికిని సంకోచము లేక కోరవచ్చునో, ఫీజులును దూరమును సరిపోయినచో, ఆ బడినే యెన్నుకొనవలెను.