నొప్పికి సాక్షి ఎవరు?

జ్వరానికి థర్మామీటరుంది. రక్తపోటుకి చేతికి చుట్టే పట్టీ ఉంది. చక్కెర జబ్బుకి ఒక్క రక్తపు చుక్క చాలు. నొప్పిని కొలవడానికి మాత్రం ఇప్పటిదాకా మనిషి మాట తప్ప మరో సాధనం లేదు. "సున్నా నుంచి పది దాకా మీ నొప్పి ఎంత?" అని అడుగుతారు. రోగి "ఎనిమిది" అంటాడు. ఆ ఎనిమిదిని నమ్మాలా, వద్దా? నమ్మి మందిస్తే ఆ మందే అతని ప్రాణానికి ముప్పు కావచ్చు. నమ్మకుండా పంపేస్తే, నిజంగా బాధపడుతున్న మనిషికి అబద్ధాలకోరన్న ముద్ర వేసి పంపినట్టవుతుంది.

డాక్టరుకి ఈ ప్రశ్న ఎలాగూ తప్పదు. అమెరికాలో దీన్ని ఎదుర్కొనే మనిషి ఇంకొకరున్నారు. మందుల కౌంటరు వెనక నిలబడే ఫార్మసిస్ట్.

మన ఊళ్లలో మందుల షాపతను అంటే చీటీ చూసి బీరువాలోంచి డబ్బా తీసిచ్చే మనిషి. ఇక్కడ అలా కాదు. మార్ఫిన్, ఆక్సీకోడోన్, హైడ్రోకోడోన్ వంటి నల్లమందు జాతి మందులు, అంటే ఓపియాయిడ్ల విషయంలో ఫెడరల్ నిబంధన ఒకటుంది. ప్రిస్క్రిప్షన్ సరైన వైద్యావసరం కోసమే రాయాల్సిన బాధ్యత డాక్టరుది. కానీ ఆ మందు చేతికందించే ఫార్మసిస్ట్‌కి కూడా దానికి సరితూగే బాధ్యత ఉంది. "డాక్టరు రాశాడు, నేనిచ్చాను" అంటే కుదరదు. అందుకే ఫార్మ్‌డీ చదివే పిల్లలకి ఇవాళ ఓపియాయిడ్ల గురించి ప్రత్యేకంగా పాఠాలు చెబుతున్నారు. ఆ పాఠాల్లో ఏం ఉండాలన్నది పాఠ్యప్రణాళిక వ్యవహారంలా కనిపిస్తుంది కానీ, నా దృష్టిలో అది ధర్మసందేహం.

నేను ఫార్మసిస్ట్‌ని కాను. నా వృత్తి కంప్యూటర్లు. కన్సల్టెంటుగా మందుల షాపుల సాఫ్ట్‌వేర్ మీద కొన్నేళ్లు పనిచేశాను కాబట్టి ఆ కౌంటరు వెనక తెర మీద ఏం కనిపిస్తుందో తెలుసు. ఆ మాత్రం అర్హతతోనే ఇది రాస్తున్నాను.

ముందు కొంచెం చరిత్ర. 1980లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో ఐదే ఐదు వాక్యాల ఉత్తరం ఒకటి అచ్చయింది. ఆస్పత్రిలో ఉండగా ఓపియాయిడ్లు పుచ్చుకున్న 11,882 మంది రికార్డులు చూస్తే, అంతకుముందు వ్యసనం లేనివాళ్లలో కొత్తగా అలవాటు పడ్డవాళ్లు నలుగురే కనిపించారన్నది దాని సారాంశం. అది ఆస్పత్రి మంచం మీద, నర్సు కళ్లెదుట మందు తీసుకున్నవాళ్ల సంగతి. సీసా ఇంటికి పట్టుకెళ్లి నెలల తరబడి మింగేవాళ్ల గురించి అందులో ఒక్క ముక్క లేదు. అయినా తర్వాతి కాలంలో ఆరు వందలకి పైగా వ్యాసాలు ఆ ఉత్తరాన్ని ఉదహరించాయి. "ఓపియాయిడ్లతో వ్యసనం అరుదు" అనడానికి ఎక్కువమంది దాన్నే రుజువుగా చూపించారు. 1996లో ఆక్సీకాంటిన్ బజారులోకి వచ్చింది. దాన్ని అమ్మిన పర్డ్యూ సంస్థ, ఆ మందు ప్రమాదాన్ని తక్కువ చేసి చెప్పినందుకు 2007లో నేరం ఒప్పుకుంది. 2020లో మళ్లీ ఒప్పుకుంది. ఈలోగా 2012 నాటికి ఈ దేశంలో ఏడాదికి 25 కోట్లకి పైగా ఓపియాయిడ్ ప్రిస్క్రిప్షన్లు రాస్తున్నారు.

ఫార్మసీ విద్యార్థికి చెప్పాల్సిన మొదటి పాఠం ఇక్కడే ఉందనుకుంటాను. ఆ డాక్టర్లందరూ దుర్మార్గులు కారు. చాలామంది "నొప్పితో వచ్చినవాణ్ణి నమ్మండి" అన్న మంచి మాటని పాటించినవాళ్లే. కాకపోతే ఐదు వాక్యాల మూలం చదవకుండా దాని మీద పడ్డ ఐదు వందల నీడలు చదివారు. దయ ఉంటే చాలదు, ఆ దయ ఏ లెక్క మీద నిలబడిందో చూసుకోవాలి.

తర్వాత జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. 2016లో అమెరికా ప్రభుత్వపు రోగ నియంత్రణ సంస్థ సీడీసీ ఒక మార్గదర్శిని విడుదల చేసింది. ఏ ఓపియాయిడ్ అయినా దాని మోతాదుని మార్ఫిన్ లెక్కలోకి మార్చి చూస్తారు. ఆక్సీకోడోన్ పది మిల్లీగ్రాముల మాత్ర రోజుకి నాలుగుసార్లు వేసుకుంటే నలభై. దాన్ని ఒకటిన్నరతో గుణిస్తే మార్ఫిన్ లెక్కలో అరవై మిల్లీగ్రాములు. ఈ లెక్క యాభై దాటితే జాగ్రత్తగా ఉండండి, తొంభైకి చేర్చకండి, చేర్చాల్సివస్తే ఎందుకో బాగా ఆలోచించి నిర్ణయించుకోండి అని ఆ మార్గదర్శిని చెప్పింది. కాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లకీ, అంత్యదశలో ఉన్నవాళ్లకీ ఇది వర్తించదని కూడా చెప్పింది.

ఇప్పుడు నా వృత్తి సంగతి. "బాగా ఆలోచించి నిర్ణయించుకోండి" అన్న మాటని ప్రోగ్రాములో ఎలా రాస్తారు? రాయలేరు. "తొంభై కంటే ఎక్కువైతే ఆపు" అని మాత్రం ఒక్క లైనులో రాసేయొచ్చు. ఓ ప్రాజెక్టులో సరిగ్గా ఇదే జరగడం చూశాను. సమావేశంలో ఒక ఫార్మసిస్ట్ లేచి, "మరి కాన్సర్ రోగుల సంగతేమిటి?" అని అడిగింది. గదిలో ఎవరూ జవాబు చెప్పలేదు. ఎందుకంటే ప్రిస్క్రిప్షన్ మీద మందు పేరు, మోతాదు, సంఖ్య ఉంటాయి కానీ జబ్బు పేరు చాలాసార్లు ఉండదు. మార్గదర్శినిలోని అంకె కంప్యూటరులోకి చేరింది. మినహాయింపు కాగితం మీదే ఉండిపోయింది.

ఇది ఒక్క సాఫ్ట్‌వేర్ కథ కాదు. బీమా సంస్థలూ, కొన్ని రాష్ట్రాల చట్టాలూ, ఫార్మసీల నియమాలూ ఆ అంకెల్ని సలహాగా కాక సరిహద్దుగా తీసుకున్నాయి. ఏళ్ల తరబడి ఒకే మోతాదు మీద నిలకడగా బతుకుతున్నవాళ్లకి హఠాత్తుగా మందు తగ్గించేశారు. అలా ఒక్కసారిగా ఆపేస్తే తీవ్రమైన బాధ, ఆత్మహత్యా ప్రయత్నాలు కూడా సంభవించవచ్చని మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో హెచ్చరించాల్సి వచ్చింది. 2022లో సీడీసీ తన మార్గదర్శినిని సవరించి, ఇది కదలని నియమం కాదు, రోగిని బట్టి నిర్ణయించండి అని గట్టిగా చెప్పింది.

పోనీ, అంత కఠినంగా ఉన్నందుకు చావులు తగ్గాయా? 2020 నాటికి ప్రిస్క్రిప్షన్లు 14 కోట్ల దరిదాపులకి పడిపోయాయి. ఓవర్‌డోస్ చావులు మాత్రం 2021లో లక్ష దాటాయి. అందులో ఎక్కువ భాగం దొంగచాటుగా తయారై వచ్చే ఫెంటనిల్ వల్ల. 2024లో ఆ సంఖ్య 80 వేల చుట్టూకి దిగింది, అదీ తక్కువేమీ కాదు. ప్రిస్క్రిప్షన్లు తగ్గించడం తప్పని నేననడం లేదు. కొత్తగా అలవాటు పడేవాళ్లని ఆపాలంటే తగ్గించాల్సిందే. కానీ అప్పటికే మందుకి కట్టుబడిపోయిన మనిషికి కౌంటరు మూసేస్తే అతనిలోని అవసరం మూతపడదు. వీధి తలుపు తడుతుంది.

రెండోవైపు ఏముంటుందో మనవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. నేను హైస్కూల్లో ఉండగా, 1990లలో, తెనాలి దగ్గర పల్లెలో మా పెదనాన్న ఎముకలకి పాకిన కాన్సర్‌తో పోయారు. ఆఖరి రెండు నెలలూ ఆయన మూలుగు మూడిళ్ల అవతలికి వినిపించేది. తొందరగా తీసుకుపొమ్మని పెద్దమ్మ దేవుడికి మొక్కుకునేది. మార్ఫిన్ అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. ప్రపంచానికి చట్టబద్ధంగా నల్లమందు ఎగుమతి చేసే దేశంలో, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పెట్టిన లైసెన్సుల చిక్కులకి భయపడి ఆస్పత్రులే మార్ఫిన్ ఉంచుకోవడం మానేశాయి. కేరళలో డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్లకేళ్లు పోరాడాక 2014లో ఆ చట్టాన్ని సవరించారు. హైదరాబాదు ఎం.ఎన్.జె. కాన్సర్ ఆస్పత్రిలో ఉపశమన చికిత్స విభాగం వచ్చింది. ఇంకోపక్క అదే దేశంలో ట్రమడాల్ మాత్రలు 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చేదాకా చాలా షాపుల్లో తేలిగ్గా దొరికేవి. చావుబతుకుల్లో ఉన్నవాడికి అందని మందు, వీధి చివర కుర్రాడికి అందింది.

అంటే పొరపాట్లు రెండు రకాలు. ఇవ్వకూడనివాడికి ఇవ్వడం ఒకటి, ఇవ్వాల్సినవాడికి ఇవ్వకపోవడం ఒకటి. ధర్మం ముందు రెండూ సమానమే కావచ్చు కానీ రికార్డు ముందు కావు. ఇచ్చిన ప్రతి మాత్రా రాష్ట్రపు డేటాబేసులోకి వెళుతుంది. రేపు ఏదైనా జరిగితే ఎవరు రాశారు, ఎవరిచ్చారు అన్నీ బయటికొస్తాయి. ఇవ్వకుండా పంపేసిన మనిషి ఆ రాత్రి ఎలా గడిపాడన్నది ఏ పట్టికలోనూ నమోదు కాదు. ముప్పై ఏళ్ల కిందట మా పెదనాన్న మూలుగు ఎలా లెక్కలోకి రాలేదో ఇదీ అంతే. మొదటి తప్పుకి శిక్ష ఉండి, రెండోదానికి కనీసం ఆనవాలు కూడా లేనప్పుడు, మంచి మనిషి కూడా ఎటు మొగ్గుతాడో చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఇరవైరెండేళ్ల విద్యార్థి ఆ మొగ్గునే వివేకం అనుకునే ప్రమాదం ఉంది.

మా స్నేహితుల అమ్మాయి ఒకతె ఫార్మ్‌డీ మూడో సంవత్సరం చదువుతోంది. వాళ్ల క్లాసులో నటులు రోగులుగా వస్తారట. దూరపు ఊరినుంచి రావడం, బీమా ఉన్నా నగదు ఇస్తాననడం, నలుగురు డాక్టర్ల దగ్గర చీటీలు రాయించుకోవడం, ఇలాంటి గుర్తులు పట్టుకోవడం నేర్పిస్తారు. ఆ అమ్మాయి అన్నది: "గుర్తులన్నీ పట్టుకున్నాను అంకుల్. ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలీక నిలబడిపోయాను." నాకు ఆ మాట చాలా నిజాయితీగా అనిపించింది. నలుగురు డాక్టర్లు మోసగాడికీ ఉంటారు, కాన్సర్ రోగికీ ఉంటారు. గుర్తు కనబడితే అది అడగాల్సిన ప్రశ్న అవుతుంది, తీర్పు కాదు.

నా ఉద్దేశంలో విద్యార్థికి నేర్పాల్సింది "ఇతను అబద్ధమాడుతున్నాడా?" అన్న ప్రశ్న కాదు. దానికి జవాబు దొరకదు, ఎందుకంటే నొప్పికి సాక్షి లేడు. "నేను ఇప్పుడు చేసే పని వల్ల ఇతనికి ఏమవుతుంది?" అన్న ప్రశ్నకి మాత్రం జవాబు వెతకొచ్చు. ఆ వెతుకులాటే చదువు. డాక్టరుకి ఫోన్ చేయొచ్చు. నిద్రమాత్రలు కూడా వాడుతున్నాడేమో చూసి, రెండూ కలిస్తే ఊపిరి ఆగే ప్రమాదముందని చెప్పొచ్చు. 2023 నుంచి చీటీ లేకుండానే దొరుకుతున్న నలాక్సోన్ స్ప్రే ఇంట్లో ఉంచుకోమనొచ్చు. వ్యసనమే అయితే బ్యూప్రినార్ఫిన్ చికిత్స ఉందని, అది రాయడానికి డాక్టర్లకి ఇదివరకులా ప్రత్యేక అనుమతి 2023 నుంచి అక్కర్లేదని చెప్పొచ్చు. చివరికి "ఇవ్వలేను" అనాల్సి వచ్చినా, అది సంభాషణ మధ్యలో వచ్చే మాట అవుతుంది కానీ ముగింపు కాదు. నిజం చెప్పినవాడూ అబద్ధం చెప్పినవాడూ ఇద్దరూ రోగులే. ఒకరికి నొప్పి, ఇంకొకరికి వ్యసనం. కొందరికి రెండూ.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. అంత తీరిక ఎవరికుంది? ఫోను మోగుతూంటుంది, కారు కిటికీ దగ్గర వరుస పెరుగుతూంటుంది, తెర మీద హెచ్చరికలు వరసగా వస్తూంటాయి. హెచ్చరికలు మరీ ఎక్కువైతే మనిషి చదవడం మానేసి నొక్కేయడం మొదలెడతాడని సాఫ్ట్‌వేర్ వాళ్లందరికీ తెలుసు. ఈ అభ్యంతరం నేను ఒప్పుకుంటాను. 2022లో సీవీఎస్, వాల్‌గ్రీన్స్, వాల్‌మార్ట్ సంస్థలు ఓపియాయిడ్ దావాల పరిష్కారానికి, తప్పు ఒప్పుకోకుండానే, మొత్తం 13 వందల కోట్ల డాలర్లకి పైగా చెల్లించడానికి అంగీకరించాయి. ఆ సొమ్మంతా పోయాక కూడా కౌంటరు దగ్గర ఐదు నిమిషాలు పెరగకపోతే, క్లాసులో చెప్పిన నీతి క్లాసులోనే ఉండిపోతుంది. తీరిక ఇవ్వకుండా వివేకం చూపించమనడం కూడా ఒక రకం అన్యాయమే. కానీ ఆ తీరిక కావాలని అడగాల్సింది కూడా అది ఎందుకో తెలిసినవాళ్లే. అందుకోసమైనా నేర్పాలి.

మన తెలుగువాళ్ల సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. "నాకు పనిచేసింది, నువ్వూ ఒకటి వేసుకో" అని మాత్రలు పంచుకోవడం మనకి అలవాటు. పన్ను పీకించుకున్నప్పుడు ఇచ్చిన మాత్రలు మిగిలితే పారేయబుద్ధి కాదు, దాచుకుంటాం. "మన పిల్లలకి అలాంటి అలవాట్లు ఉండవు" అన్న ధీమా ఒకటి. ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ మిగిలిన మందులు వెనక్కి తీసుకునే రోజులు ఇక్కడ ఉన్నాయి. చాలా ఫార్మసీల్లో ఏడాది పొడుగునా వేసే పెట్టెలూ ఉన్నాయి. ఆ పెట్టెలో మాత్రలు వేయడానికి వెళ్లినప్పుడు, అక్కడ తెల్లకోటులో నిలబడ్డ పిల్ల మిమ్మల్ని రెండు ప్రశ్నలు ఎక్కువ అడిగితే విసుక్కోకండి. మిమ్మల్ని అనుమానించడం లేదేమో, ఎలా అడగాలో నేర్చుకుంటోందేమో.