పగ్గములు చేతిలో నున్నవాడు

ధ్యాన భాగములు: 2 రాజులు 9:20, నిర్గమకాండము 21:28-30, ద్వితీయోపదేశకాండము 25:1-3, 2 కొరింథీ 2:6-8



యెజ్రెయేలు గోపురముమీద నిలిచిన కావలివాడు దూరమునుండి వచ్చుచున్న గుంపును చూచెను. ముఖములు ఇంకా తెలియలేదు. అయినను వచ్చుచున్నవాడు యెహూయే అయియుండవలెనని, రథము తోలు తీరునుబట్టి వాడు చెప్పగలిగెను. మనిషికంటె ముందుగా మనిషి తోలకము కనబడినది. మన కామాఠీపుర గల్లీలలో కూడ అంతే గదా! మూడవ అంతస్తు గ్యాలరీలో కూర్చున్న అవ్వ, మోటరుసైకిలు చప్పుడు విని అది ఎవరి కొడుకో చెప్పగలదు.

ఈ మాసము ఈ వాక్యమును ఎన్నుకొనుటకు కారణము ఉన్నది. చాలా కాలముగా మా మనస్సులో భారముగా ఉన్న ఒక సంగతిని మీ ముందు పెట్టవలెనని అనుకొనుచున్నాము. ఇందులో తప్పు చేసినవారిలో మేమును ఉన్నాము గనుక ఎవరి పేరును వ్రాయుట లేదు.

ముంబయిలో విక్టోరియా గుర్రపు బండ్లు తిరిగిన రోజులు మీకు జ్ఞాపకముండును. సరదా షికారునకు వాటిని నడుపుట చట్టవిరుద్ధమని బొంబాయి హైకోర్టు 2015 జూన్‌లో తీర్పు చెప్పి, ఒక సంవత్సరములో ఆపివేయుమని గడువు ఇచ్చినది. ఆ తీర్పుకు కొంతకాలము ముందు మన సంఘములోని ఒక యౌవనస్థుడు ఒక గుర్రపు లాయములో పని చేయుచుండెను. తాతల కాలమున పాలమూరు నుండి రాళ్లు కొట్టే పనికి వచ్చిన కుటుంబము. పగలు మేత వేయుట, పేడ ఎత్తుట, నాడాలు చూచుట అతని పని. రాత్రివేళ, హైవే ఖాళీగా ఉన్నప్పుడు, తేలికపాటి టాంగాలు కట్టి పందెము పరుగెత్తించువారు కొందరుండిరి. ఇట్టి పందెములను గూర్చి, పోలీసులు పెట్టిన కేసులను గూర్చి ఈ నగరపు పత్రికలలో పలుమార్లు వచ్చినది. ఒక రాత్రి పగ్గములు మన వాని చేతికి వచ్చినవి.

ప్రక్కన మోటరుసైకిళ్లమీద కుర్రవాండ్రు కేకలు వేయుచున్నారు. మనవాడు వారి వైపు తిరిగి చూచినాడు. పగ్గము సడలినది, గుర్రము ప్రక్కకు జరిగినది, చక్రము ప్రక్క టాంగా చక్రమునకు తగులుకొన్నది. ఆ టాంగాలో వెనుక కూర్చున్న పదునైదేండ్ల పిల్లవాడు రోడ్డుమీద పడి కాలు విరుగగొట్టుకొన్నాడు. గుర్రము మోకాళ్లు చీరుకొనిపోగా దానిని పరేలులోని పశువుల ఆసుపత్రికి తీసుకొని పోవలసి వచ్చెను.

తెల్లవారేసరికి చాల్ అంతా ఈ మాటే. మన సంఘములో వెంటనే రెండు పక్షములు ఏర్పడినవి.

మొదటి పక్షమువారు, "పాపం, వాడు కావాలని చేసినాడా? అది ప్రమాదము. దేవుని చిత్తము" అన్నారు. ఈ మాట మెత్తగా, భక్తిగా వినబడును. కాని ఆ పిల్లవాని తల్లి మన విశ్వాసపు మనిషి కాదు. ఆమె మన పెద్దలలో ఒకరిని నీళ్ల పంపు దగ్గర నిలబెట్టి, నా కొడుకు కాలు విరుగగొట్టుట మీ దేవుని చిత్తమా అని అడిగినది. ఆయన జవాబు చెప్పలేక బిందె ఎత్తుకొని ఇంటికి వచ్చినాడు.

ఆమె అడిగినది సరియైన ప్రశ్న అని మేము నమ్ముచున్నాము. ధర్మశాస్త్రము అజాగ్రత్తను దేవుని చిత్తము క్రింద దాచిపెట్టదు. ఎద్దు పొడిచి ఒకడు చచ్చినయెడల, అది పొడుచు ఎద్దని యజమానునికి ముందుగా తెలిసియుండి దానిని కట్టివేయకపోతే, ఆ రక్తాపరాధము యజమానునిమీదికి వచ్చును. అతడు కొమ్ములతో పొడవలేదు, కట్టివేయలేదు, అంతే. క్రొత్త ఇల్లు కట్టించినవాడు పైకప్పుచుట్టు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22:8 చెప్పుచున్నది. ఆ గోడ లేక ఎవడైన పడినయెడల దోషము ఇంటివానిదే. విరిగిన గ్యాలరీ కటకటాలను త్రాడుతో కట్టుకొని బ్రతుకుచున్న మనకు ఈ వచనమును ఎవరును వివరించనక్కరలేదు.

దేశపు చట్టము కూడ ఈలాగే చూచును. బహిరంగ మార్గములో మనుష్యులకు హాని కలుగునట్లు దుడుకుగా గాని అజాగ్రత్తగా గాని ఏ బండినైనను తోలుట నేరమని భారత శిక్షాస్మృతిలోని 279వ సెక్షను చెప్పెను. 2024 జూలై 1 నుండి అదే మాట భారతీయ న్యాయ సంహితలో 281వ సెక్షనుగా ఉన్నది. జంతువును దాని శక్తికి మించి తోలుట 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము ప్రకారము క్రూరత్వమే. నీతిమంతుడు తన పశువు ప్రాణమును గూర్చి కూడ చింతించునని సామెతలు 12:10లో చదువుచున్నాము. బిలాము గాడిదను మూడు మారులు కొట్టినందుకు దూత మొదట అడిగిన లెక్క ఆ దెబ్బలను గూర్చినదే.

కాబట్టి క్రమశిక్షణ అవసరమే. ఈ విషయములో రెండవ పక్షమువారి మాట నిజము. అయితే మేము ఆ క్రమశిక్షణను ఎట్లు చేసితిమో వినండి.

పెద్దలము ఒక ఆదివారము ఆరాధన తరువాత కూర్చుంటిమి. ఆ యౌవనస్థుని పిలువలేదు. మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు చెప్పిన క్రమము, అనగా మొదట ఒంటరిగా, పిమ్మట ఒకరిద్దరితో, చివరకు సంఘముతో చెప్పుట, మాకు కంఠస్థమే. అయినను దానిని దాటిపోయినాము. గ్యాలరీలో విన్న మాటలే సాక్ష్యమైనవి. ఒకరు త్రాగుడు అన్నారు, ఒకరు జూదము అన్నారు, ఒకరు చెడు స్నేహము అన్నారు. ఏ ఒక్కటియు విచారించలేదు. "మారుమనస్సు కనబడు వరకు ప్రభువు బల్లకు దూరముగా ఉంచవలెను" అని తీర్మానము వ్రాసి సంతకములు చేసితిమి. ఎప్పటివరకు? వ్రాయలేదు. ఎవరికి కనబడవలెను? అదియును వ్రాయలేదు.

ఒక సంవత్సరము నాలుగు నెలలు అట్లే గడచినవి. అతని తల్లి మాత్రము మానక వచ్చుచుండెను. బల్ల వేళకు ఆమె లేచి బయట మెట్లమీద కూర్చుండెడిది. కొడుకు లేని బల్ల ఆమెకు వద్దట. మేము చూచి చూడనట్టు ఉంటిమి.

ఇట్లుండగా ఆస్ట్రేలియాలో స్థిరపడిన మన పాత సంఘ సభ్యుడొకడు సెలవుకు వచ్చి మా ఖోలీలో చాయ్ త్రాగుచు ఒక మాట చెప్పినాడు. వారి ఇల్లు మెల్‌బోర్న్ ప్రక్కన మెల్టన్‌లో. అక్కడ గుర్రమునకు రెండు చక్రముల చిన్న బండి కట్టి పరుగెత్తించు హార్నెస్ పందెముల మైదానమున్నది. మన మహాలక్ష్మి మైదానములో 1883 నుండి జరుగుచున్నవి గుర్రముమీద జాకీ ఎక్కి పరుగెత్తించు పందెములు. హార్నెస్ పందెము వేరు. అందులో గుర్రము దుముకుచు పరుగెత్తరాదు, నియమించిన నడకలోనే వేగముగా పోవలెను. నడక తప్పినచో తోలువాడు పగ్గము బిగించి దానిని మరల నడకకు తేవలెను. గుర్రములు, చక్రములు ఒకదాని నొకటి ఒరసికొనునంత దగ్గరగా పోవును గనుక ఒకని పరధ్యానము నలుగురిని పడగొట్టును.

పందెములను మేము సమర్థించుచున్నామని ఎవరును ఉత్తరము వ్రాయనక్కరలేదు. గుర్రముల డబ్బు మన గల్లీలలో ఎన్ని పొయ్యిలను ఆర్పినదో మాకు తెలియును. అయితే అన్యాయస్థుడైన గృహనిర్వాహకునినుండి పాఠము తీసిన ప్రభువు, పందెపు మైదానమునుండి కూడ మనకు పాఠము చెప్పగలడు.

అక్కడ స్టీవార్డులు అను విచారణకర్తలుందురు. అజాగ్రత్తగా తోలినాడని అనుమానము వచ్చినవానిని వారు తమ గదికి పిలుచుదురు. పందెము జరిగిన చిత్రమును అతనికి చూపుదురు. అభియోగము ఇది అని స్పష్టముగా చెప్పి, ఒప్పుకొనుచున్నావా లేదా అని అడుగుదురు. అతని మాట విందురు. అజాగ్రత్త వేరు, తెగించి తోలుట వేరు. ఒకదానికి వేసిన శిక్ష మరొకదానికి వేయరు. "కావాలని చేయలేదు" అన్నంత మాత్రమున విడిచిపెట్టరు, ఎందుకనగా అజాగ్రత్త అను అభియోగములోనే కావాలని చేయలేదన్న మాట ఇమిడియున్నది. లైసెన్సు గలవాడు చూపవలసిన జాగ్రత్త చూపినాడా లేదా, అదే ప్రశ్న. మునుపటి నడవడిని, తప్పు ఒప్పుకొన్న సంగతిని లెక్కలోనికి తీసికొందురు. చివరకు ఇన్ని దినములు బండి ఎక్కరాదని, ఈ తేదీ మొదలుకొని ఈ తేదీ వరకు అని తీర్పు చెప్పుదురు. తీర్పు తప్పని తోచినయెడల పై మండలికి అప్పీలు చేసికొనవచ్చును. గడువు తీరిన మరునాడు అతడు మరల పగ్గములు పట్టును, ఎవడును ఆపడు.

మా సహోదరుడు చాయ్ గ్లాసు క్రింద పెట్టి, "అయ్యగారూ, వాళ్లు తేదీ వేస్తరు" అన్నాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయము తెరిచితిమి. దోషికి దెబ్బలు తగినవేనని అక్కడ ఉన్నది. న్యాయాధిపతి ఎదుటనే కొట్టవలెను, అతని నేరమునకు తగినన్ని లెక్కపెట్టి కొట్టవలెను, నలువది దాటరాదు. ఎందుకు దాటరాదు? దాటినయెడల ఆ సహోదరుడు నీ కన్నులకు నీచుడుగా కనబడును. మేము ఎన్నోసార్లు చదివిన ఈ మాట, మా కన్నులను గూర్చియే వ్రాయబడినదని అప్పుడు తెలిసినది. దోషి అప్పటికిని సహోదరుడే. చెడిపోవునది కొట్టువాని చూపు. తెలియక ప్రాణము తీసినవాడు పారిపోయి తలదాచుకొను ఆశ్రయపురములో కూడ, ప్రధాన యాజకుడు మృతినొందు వరకే ఉండవలెనని సంఖ్యాకాండము 35లో ఉన్నది. అక్కడ గొడ్డలి ఊడి పొరుగువానికి తగిలి చచ్చినను ఇంటికి తిరిగిపోవు దినమొకటి ఉండెను. విరిగిన కాలికి మేము ఏ దినమును ఉంచలేదు.

కొరింథు సంఘములో శిక్ష పొందినవానిని గూర్చి పౌలు వ్రాసినదియు ఇదే. ఎక్కువమంది వేసిన ఆ శిక్ష చాలును, ఇక క్షమించి ఆదరించండి, లేనియెడల వాడు అధిక దుఃఖములో మునిగిపోవునేమో అని ఆయన భయపడుచున్నాడు. మొదట శిక్షించుమని వ్రాసిన చేతితోనే ఈ మాటయు వ్రాసెను.

మరుసటి వారము పెద్దలము మరల కూర్చుంటిమి. ఈసారి అతనిని పిలిచితిమి. అందరును సులభముగా ఒప్పుకొన్నారని చెప్పిన అబద్ధమగును. తీర్మానము మార్చినచో సంఘపు మాటకు విలువ ఉండదని ఒక పెద్దాయన గట్టిగా వాదించెను. ఆ భయము చిన్నది కాదు. అయినను మొదట అతని మాట విందామని కూర్చుండబెట్టితిమి. త్రాగినావా అని అడిగితే లేదన్నాడు. ఆ రాత్రి ఉన్నవారిని విచారించగా అది నిజమని తేలినది. పందెములో డబ్బు పెట్టినావా అంటే రెండు వందలు పెట్టినానని ఒప్పుకొన్నాడు. ఏమి జరిగినదో చెప్పుమంటే చాలసేపు మాటలాడలేదు. తరువాత అన్నాడు:

"ఎన్కకు జూసిన అయ్యగారు. గుర్రం ముంగటికే జూస్తున్నది. నేనే ఎన్కకు జూసిన."

వాదించిన పెద్దాయన కండ్లద్దాలు తీసి తుడుచుకొన్నాడు గాని తన అభిప్రాయము మార్చుకొన్నట్లు చెప్పలేదు.

క్రొత్త తీర్మానము ఈలాగు వ్రాసితిమి. అభియోగము: అజాగ్రత్తగా బండి తోలి ఒక పిల్లవానికిని ఒక మూగజీవికిని హాని చేయుట, పందెములో డబ్బు పెట్టుట. మూడు నెలలు ప్రభువు బల్లకు దూరముగా ఉండవలెను. ఈస్టరు ఆదివారముతో గడువు తీరును. ఆ మూడు నెలలు ప్రతి శనివారము ఒక పెద్దతోకూడ ఆ పిల్లవాని ఇంటికి పోవలెను, జీతములో కొంత మందుల ఖర్చునకు ఇయ్యవలెను. ఇన్నాళ్లు తేదీ లేకుండ ఉంచినందుకు పెద్దలము సంఘము ఎదుట అతనికిని అతని తల్లికిని క్షమాపణ చెప్పవలెను. మరి మూడు నెలలు ఎందుకు, గడచినది చాలదా అని కొందరు అడిగిరి. మేమును అట్లే అంటిమి. కాని అతడే వద్దన్నాడు. ఆ పిల్లవాని ఇంటికి ఒక్కసారియు పోలేదని, పోకుండ బల్ల దగ్గరకు రాలేనని చెప్పినాడు.

మొదటి శనివారము ఆ తల్లి తలుపు తీయలేదు. రెండవ శనివారమును తీయలేదు. మూడవ వారము తలుపు తీసి, ఏమియు మాటలాడక, రెండు పీటలు వేసినది.

భివండి, వర్లి, ధారావి మొదలైన చోట్లనున్న సంఘముల పెద్దలకు ఒక మనవి. మీ తీర్మానముల పుస్తకము తెరిచి చూడండి. బల్లకు దూరముగా ఉంచబడినవారి పేరుల ఎదుట ముగింపు తేదీ ఉన్నదేమో చూడండి. కొందరు ఊరికి తిరిగిపోయి ఉందురు, కొందరు వేరొక చాల్‌కు మారి ఉందురు, కొందరు మరణించి ఉందురు. ఉన్నవారికి ఉత్తరము వ్రాయండి.

ఈస్టరు నాడు అతడు చివరి వరుసలో కూర్చున్నాడు, తల్లి ప్రక్కన. ఇప్పుడు టాక్సీ నడుపుచున్నాడు. ఆ పిల్లవాడు పెద్దవాడై పనికి పోవుచున్నాడు, కొంచెము కుంటుచునే. పాత తీర్మానమున్న పేజీని చింపివేయవలెనని ఒకరు సూచించిరి. వద్దని నిశ్చయించుకొన్నాము. ఎడమ ప్రక్కన తేదీ లేని పేజీ, కుడి ప్రక్కన తేదీ గల పేజీ, రెండును మా సంతకములతోనే ఉన్నవి.