బిడ్డ తలమీది మోపు

తల్లులారా, తండ్రులారా, విశ్వవిద్యాలయములో చదువుచున్న కుమారుడు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మనము మొదట అడుగు మాట ఏది? "మార్కులెన్ని?" అని. రెండవది, "ఉద్యోగమెప్పుడు?" అని. మూడవ మాట మనము నోటితో చెప్పనక్కరలేదు. తాకట్టులోనున్న అరయెకరము ప్రక్కగానే అతడు బస్సు దిగి నడచి వచ్చెను.

అతని స్థితిని కొంచెము ఆలోచింపుడు. పల్లె బడిలో తెలుగున చదివి మొదటివాడుగా నిలిచెను. అక్కడనో, తరగతిలోనివారు అనేకులు తమ తమ ఊళ్లలో మొదటివారే. పాఠము ఇంగ్లీషులో సాగిపోవును. అర్థము కాలేదని లేచి అడిగిన నలుగురు నవ్వుదురేమో! ఇంటిలో చెప్పుకొందమన్న ఆ చదువెరిగినవారు లేరు. పైగా అమ్మ బెంగపడును. కాబట్టి ఫోనులో "బాగానే చదువుచున్నాను" అనును. పుస్తకములకంటె ఆ "బాగానే" అను మాటయే బరువు.

భయము లేనిదే చదువు రాదని పెద్దలందురు. అందులో కొంత నిజము లేకపోలేదు. 1908లో యెర్కీసు, డాడ్సను అను అమెరికా శాస్త్రజ్ఞులు చిట్టెలుకలకు తెల్ల పెట్టెను, నల్ల పెట్టెను గుర్తించుట నేర్పిరి. నల్లదానిలోనికి పోయినదానికి విద్యుత్తు చురక తగులును. తేడా సులువుగా తెలిసినప్పుడు, చురక పెరిగినకొలది అవి త్వరగా నేర్చుకొనెను. తేడా కనిపెట్టుట కష్టమైనప్పుడు మాత్రము గట్టి చురకవలన నేర్చుట ఆలస్యమాయెను. మనుష్యుడు ఎలుక కాడు, సరే. అయినను కష్టమైన చదువులో తడబడువానికి మరియొక చురక వేయకముందు ఇది తలంచదగినది.

బిడ్డ చదువుకై చేను తాకట్టు పెట్టుట ప్రేమయే. దానిని దినదినము జ్ఞాపకము చేయుట ప్రేమయా, అప్పు వసూలా? ఇచ్చినదానికి లెక్క వ్రాసినయెడల తండ్రి షావుకారగును, కుమారుడు బాకీదారుడగును. బాకీదారుడు షావుకారునెదుట తన నష్టమును దాచును. మన గుడిలో ఉత్తీర్ణుల పేర్లు చదివి సంతోషింతుము. తప్పినవాడు ఆ ఆదివారము రాడు. ఎందుకు రాలేదని ఎవరైన వెళ్లి చూచితిమా?

విశాఖపట్టణమున చదువుచు మరణించిన ఒక విద్యార్థిని విషయములో 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. నూరుమందిగాని అంతకు మించిగాని విద్యార్థులున్న చోట వారి మనోవ్యథ వినుటకు శిక్షణపొందిన సలహాదారుడు ఉండవలెననియు, మార్కులనుబట్టి పిల్లలను వేరుచేసి అవమానింపరాదనియు ఆదేశించెను. 14416 అను ఉచిత ఫోను నంబరు కూడ రాత్రింబగళ్లు ఉన్నది. ఇంటి గోడమీద వ్రాసియుంచుట మంచిది. గాని కోర్టు ఆజ్ఞ మన అరుగు మీదికి రాదు.

సెలవులు ముగిసి బస్సెక్కునప్పుడు తండ్రి ఇట్లనవచ్చును: "నాయనా, పరీక్ష తప్పినను నీ అన్నము ఈ ఇంట నున్నది. చేను సంగతి నా లెక్క, నీది కాదు." బస్సు కదలకముందే చెప్పవలెను. ఫోనులో మనకు ఈ మాట నోటికి రాదు.