బడి పిలుపు ఎవరికి?

ఒక ఉపాధ్యాయుని ముందు నలభై మంది పిల్లలున్నారని అనుకుందాం. ముప్పై మందికి ఒక్కసారి చెబితే చాలు. ఎనిమిది మందికి రెండోసారి చెప్పాలి. మిగిలిన ఇద్దరిలో ఒకరికి సరిగ్గా వినపడదు, మరొకరికి పుస్తకంలోని అక్షరాలు తారుమారుగా తోస్తాయి. ఉన్న సమయం ముక్కాలు గంట. అందులో ఎవరి హక్కు ఎంత?

చాలామంది సమాధానం నోటితో చెప్పరు, చేతల్లో చూపిస్తారు. పదో తరగతి ఫలితాలే బడికి గౌరవం తెస్తాయి కాబట్టి సమయం ఆ ముప్పై మందికే పోతుంది. ఆ ఇద్దరికి దక్కేది “పాపం” అనే మాట. “పాపం, వాణ్ణి ఎందుకు కష్టపెట్టడం? ఇంటి దగ్గరే ఉండనివ్వండి” అంటారు. ఇది జాలిగానే కనిపిస్తుంది. కాని ఆ జాలి వల్ల ఎవరి పని తేలికవుతోందో ఒకసారి ఆలోచించండి.

దివ్యఖుర్ఆన్ 80వ అధ్యాయం ‘అబస’ నేపథ్యం పాఠకులకు తెలిసిందే. మహాప్రవక్త (స) ఖురైష్ పెద్దలతో మాట్లాడుతున్నారు. వాళ్లు ధర్మం వైపు మొగ్గితే వారి వెనుక వందల మంది వస్తారు. ఆ సమయంలో అంధుడైన హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చి తనకు నేర్పమని అడిగారు. ప్రవక్త (స) ముఖం చిట్లించుకున్నారు. దైవం దాన్ని మందలించాడు. గమనించవలసిన విషయం ఏమిటంటే, ప్రవక్త (స) లెక్క స్వార్థపు లెక్క కాదు. ఎక్కువ మందికి మేలు జరగాలన్న తపనే అది. అంత మంచి ఉద్దేశంతో చేసిన లెక్క కూడా నేర్చుకోవాలని వచ్చినవాడి ముందు చెల్లలేదు. అలాంటప్పుడు ఉత్తీర్ణత శాతాల కోసం మనం చేసే లెక్క చెల్లుతుందా?

ఈ ప్రశ్న ముదిగుబ్బ లాంటి చోట మరింత బరువెక్కుతుంది. ఒకప్పటి అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఈ మండలంలో సేద్యం వానను నమ్ముకున్నది. వాన ముఖం చాటేసి వేరుశెనగ ఎండిపోతే తల్లిదండ్రులు బెంగళూరు దారి పడతారు, పిల్లలు అవ్వ దగ్గర మిగులుతారు. నడవగలిగిన పిల్లవాడు ఎలాగో బడికి పోతాడు. నడవలేనివాణ్ణి ఎత్తుకుని పోయే చేతులు అప్పటికే బెంగళూరులో ఇటుకలు మోస్తుంటాయి. ముస్లిం ఇళ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. వినికిడి తక్కువగా ఉన్న పిల్ల పెదవుల కదలిక చూసి మాట పట్టుకుంటుంది. ఇంట్లో పెదవులు ఉర్దూ పలుకుతాయి, బడిలో తెలుగు. రెండింటి మధ్యా ఆ పిల్ల మూగదైపోతుంది, చుట్టూ ఉన్నవాళ్లు ‘మొద్దు’ అని పేరు పెడతారు.

చట్టానికి కొరత లేదు. 1995 నాటి చట్టమే వికలాంగ బాలలకు పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య ఇవ్వాలంది. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది. 2016 చట్టం వైకల్యాలను 21 రకాలుగా గుర్తించి, చదువు నేర్వడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందిని కూడా అందులో చేర్చింది. ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రంలో భవిత కేంద్రాలు ఏర్పడ్డాయి. ముదిగుబ్బకు పొరుగునే ఉన్న బత్తలపల్లిలో చూపు, వినికిడి లేని పిల్లల కోసం ఆర్డీటీ సంస్థ బడులు పెట్టింది. పేర్లు కూడా మారాయి: వికలాంగులు, విభిన్న ప్రతిభావంతులు, దివ్యాంగులు. (పేర్లు మారినంత వేగంగా బడి మెట్ల పక్కన వాలుదారులు పుట్టలేదు.) చట్టం 40 శాతం దగ్గర గీత గీసింది. 39 శాతం అని రాయించుకు వచ్చిన పిల్లవాడికి నల్లబల్ల ఎలా కనిపిస్తుందో మాత్రం ఆ గీతకు తెలియదు.

అందరినీ ఒకే బడిలో కూర్చోబెట్టడమేనా న్యాయం? తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి వద్దే చదువుకోవచ్చని 2012 సవరణ వీలు కల్పించింది. అది దయా, వదిలించుకోవడమా?

ఇక్కడ రెండు హదీసులను పక్కపక్కన పెట్టి చూడాలి. చేయి పట్టి నడిపించేవారు లేరని, ఇంట్లోనే నమాజు చేసుకుంటానని ఒక అంధుడు అనుమతి అడిగారు. ప్రవక్త (స) మొదట సరేనన్నారు. వెళ్లిపోతున్న ఆయన్ను వెనక్కి పిలిచి, అజాన్ వినిపిస్తుందా అని అడిగారు. వినిపిస్తుందనగానే, అయితే రమ్మన్నారు. మరోవైపు హజ్రత్ ఇత్బాన్ బిన్ మాలిక్ (రజి) చూపు మందగించిన వారు. వాన పడితే వాగు పొంగి దారి తెగేది. ఆయన విన్నపం మీద ప్రవక్త (స) స్వయంగా వారి ఇంటికి వెళ్లి, ఎక్కడ నమాజు చేయమంటావని అడిగి, అక్కడ నమాజు చేయించారు. ధర్మవేత్తలు ఈ రెండింటినీ అనేక విధాలుగా వివరించారు. నాకు అర్థమైనంతలో, ఒకరికి కావలసింది తోడు, ఇంకొకరికి అడ్డం వచ్చింది వాగు. రాగలిగినవారిని మినహాయించి వదిలేయలేదు. రాలేనివారి దగ్గరికి ఎవరినో పంపలేదు, తామే వెళ్లారు. ఇంటి వద్ద చదువు అన్నమాట రాయడానికి ముందు, ఆ ఇంటి గడప తొక్కేది ఎవరు, వారానికి ఎన్నిసార్లు అన్నది రాయాలి.

ఇలాంటి చర్చల్లో శ్రీకాంత్ బొల్లా పేరు తప్పక వస్తుంది. మచిలీపట్నం దగ్గరి పల్లెలో అంధుడిగా పుట్టి, ఇంటర్లో సైన్సు చదవడానికి కోర్టుకెక్కి గెలిచి, అమెరికాలోని ఎంఐటీలో చదివి వచ్చి పరిశ్రమ పెట్టారు. 1993 నుంచి 1999లో మరణించే దాకా సౌదీ అరేబియా ముఫ్తీగా ఉన్న షేక్ ఇబ్న్ బాజ్ కూడా యౌవనంలోనే చూపు కోల్పోయినవారు. వారిని తలచుకోవడం మంచిదే. అయితే “చూశారా, వీళ్లు కూడా పనికొస్తారు” అనే వాదన నాకు మింగుడు పడదు. పనికిరాని పిల్లవాడి మాటేమిటి? పదేళ్లు చదివినా తన పేరు మాత్రమే రాయగలిగిన పిల్లకు ఆ పదేళ్లు వృథానా? ఉమ్మె మక్తూమ్ (రజి) తర్వాత ముఅజ్జిన్ అయ్యారు, ప్రవక్త (స) ప్రయాణాల్లో ఉన్నప్పుడు మదీనా బాధ్యతలు చూశారు. మందలింపు వచ్చిన రోజున మాత్రం ఆయన అవేవీ కారు. కేవలం అడగడానికి వచ్చిన మనిషి.

2024లో ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలకు పెరిగింది. వలస వెళ్లిన ఇంట్లో ఆ డబ్బు అవ్వ చేతికి అందుతుంది, బియ్యానికీ మందులకూ సరిపోతుంది. మండల కేంద్రంలోని భవిత కేంద్రానికి మనవణ్ణి తీసుకెళ్లాలంటే ఆటో మాట్లాడాలి, ఒకరు పట్టుకుని ఎక్కించాలి, మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చోవాలి. ఆమెకు అరవై దాటాయి. పొరుగింట్లో ఇద్దరు కుర్రాళ్లున్నారు, ఇద్దరికీ మోటారు సైకిళ్లున్నాయి. వాళ్లను ఇంతవరకు ఎవరూ అడగలేదు.