గృహస్థధర్మము – మితవ్యయము

శ్రీమద్భాగవతము అష్టమస్కంధములో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి ఒక లెక్క చెప్పినాడు. గృహస్థుడు తన ధనమును ఐదు పాళ్ళుగా విభజించి, ధర్మమునకొక పాలు, కీర్తికొక పాలు, ధనవృద్ధికొక పాలు, సుఖానుభవమునకొక పాలు, తనవారికొక పాలు వినియోగింపవలెనట. వామనునికి దానమీయకుండ బలిని ఆపుటకై చెప్పిన మాట గనుక పెద్దలు దీనిని అంతగా స్మరింపరు. సందర్భము మంచిది కాదుగాని లెక్క మాత్రము మంచిదే. సుఖమునకై వెచ్చింపదగినది ఐదవ వంతే యని దైత్యగురువు చెప్పగా, నేటి గృహస్థుడు ఐదు పాళ్ళను ఆ ఒక్క పాలులోనే పోయుచున్నాడు.

సప్తమస్కంధములో నారదమహర్షి ధర్మరాజుతో ఇంకను కఠినముగా పలికినాడు. కడుపు నిండుటకు ఎంత కావలెనో అంతవరకే దేహికి హక్కు; అంతకు మించి తనదనువాడు దొంగయే. ఇది విని లోభి సంతోషింపవచ్చును, తాను ఖర్చే చేయుట లేదు గదా యని. కాని ఆ వాక్యము ముందుగా తగులునది అతనికే. చూచువారికి లోభి వంటయింటను, మితవ్యయి వంటయింటను ఒకే పొదుపు కనబడును. భేదము వాకిట నిలిచిన అతిథికి తెలియును.

కోనసీమలో ఆ భేదమును చూపిన ఇల్లాలు డొక్కా సీతమ్మగారు (1841–1909). గోదావరి దాటి అలసి వచ్చిన బాటసారికి లంకల గన్నవరములోని ఆ ఇంట వేళగాని వేళనైనను విస్తరి పడెడిది. నేడు గన్నవరము అక్విడక్టుకు ఆ తల్లి పేరే ఉన్నది. అన్ని యేండ్ల అన్నదానము గింజ వృథా చేయు ఇంట సాగునా?

ఈ సీమవాసికి పొదుపు నేర్పుటకు పెరటి కొబ్బరిచెట్టు చాలును. కాయ దేవునికి, పీచు త్రాటికి, చిప్ప పొయ్యిలోనికి, ఆకు పందిరికి, ఈనె చీపురునకు, తుదకు మాను దూలమునకు. ఇంతటి చెట్టు నీడన పెరిగినవాడే అప్పు తెచ్చి పెండ్లిపందిట ఆడంబరము చేయుట వింత. 1996 నవంబరు 6న తుపాను విరుచుకుపడినప్పుడు కోనసీమ తోటలు ఒక్క రాత్రిలో నేలగూలినవి. క్రొత్త మొక్క కాపునకు వచ్చుటకు ఐదారేండ్లు పట్టును. మంచి యేడు దాచుకొన్నవాడు మొక్క నాటి ఎదురుచూడగలడు. దాచనివాడు ఋణదాతకు ఆ నేలనే వ్రాసి ఇచ్చును. పొదుపనగా బ్యాంకు పుస్తకములోని అంకెలు మాత్రమే కావు. అది ఆ ఐదారేండ్ల అన్నము.

దీనికి గొప్ప వ్రతములేవియు అక్కరలేదు. ఏనాటి పద్దు ఆనాడే వ్రాయుట, నెల సరుకులకు చీటి వ్రాసికొని అంగడికి పోవుట, చిరిగినది కుట్టుకొనుట, ఏకాదశినాడు మిగిలిన బియ్యమును వేరొక కుండలో పోసి అన్నార్తునకు ఇచ్చుట. (కొందరి ఇండ్లలో ఏకాదశి ఫలాహారము ద్వాదశి భోజనముకంటె ఎక్కువ ఖరీదగును. అది వేరు సంగతి!)

ఇక గ్రంథముల మాట. అన్నము పంచిన కొలది తరుగును. గ్రంథము అట్లు కాదు. ఇంట కొని పెట్టెలో దాచిన పురాణము ఒకరికైనను ఉపకరింపకపోవచ్చును, గ్రంథాలయములోనిది నూరుగురికి చేరును. ఈ ధర్మమును నమ్మియే అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు 1914లో విజయవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పిరి. పాతూరి నాగభూషణముగారు 1935లో కృష్ణా కాలువపై కొల్లిపర, పెదవడ్లపూడి నడుమ పడవలో గ్రంథాలయమునే నడిపిరి. పడవప్రయాణములో ఊరక గడచు గంటలను సైతము వృథాగా పోనీయరాదని తలచుట మితవ్యయములో పైమెట్టు. ధనము పోయిన మరల సంపాదించుకొనవచ్చును గదా.

1960 నాటి చట్టము ననుసరించి ఇంటిపన్ను చెల్లించు ప్రతివాడును రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సుంకమును కూడ చెల్లించుచున్నాడు. అనగా అమలాపురము, రాజోలు, కొత్తపేట గ్రంథాలయములలోని బీరువాలకు వెల ముందే కట్టియున్నాడు. వెల కట్టిన కాయను చెట్టుననే విడిచి వచ్చు రైతు కోనసీమలో కానరాడు. సుంకము కట్టి గ్రంథాలయపు గడప త్రొక్కనివారు మాత్రము వీధివీధినా కలరు. పరీక్షలకు చదువుకొను పేద విద్యార్థి దీనిని బాగుగా ఎరుగును. తలుపు తీయు వేళకే వచ్చి కూర్చుండును. పెద్దలే ఎరుగరు. కార్తికమున ఒక్కరు పోతన భాగవత సంపుటమును తెచ్చి రామాలయపు అరుగుపై చదివినచో వీధివారెల్లరు విందురు. గడువునాటికి అది మరల బీరువా చేరును. గజేంద్రమోక్షము సగములో ఆపుకొన్నవారెవరో మరునాడే దానికై వచ్చి అడుగుదురు.